వేళకు మారితే లైను, గదికి మారితే వైఫై

తిరుపతిలో కొర్లగుంట అయినా బైరాగిపట్టెడ అయినా, కొత్త రౌటర్ ఇంటికి వచ్చిన సాయంత్రం జరిగే తంతు ఒకటే. అట్టపెట్టె విప్పుతారు, యాంటెన్నాలు నిలబెడతారు, లైట్లు కుదురుకోకముందే ఎవరో ఒకరు ఫోను తీసి వేగం కొలిచే యాప్ నొక్కుతారు. ముల్లు 80 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) దాటితే పెట్టిన డబ్బు వృథా కాలేదని సంతోషం. 35 దగ్గర చతికిలబడితే అప్పటికప్పుడు కేబుల్ ఆపరేటర్‌కు ఫోను. రెండూ తొందరపాటు తీర్పులే. రౌటర్ పక్కన నిలబడి ఫోనుతో ఒక్కసారి కొలిచిన అంకె లైను గురించి చెప్పేది చాలా తక్కువ.

ఆ అంకె తెర మీదికి రావడానికి ముందు ఆరు మజిలీలు దాటాలి. ఫోనులోని చిన్న రేడియో, గదిలోని గాలి, రౌటర్, వీధి స్తంభాల మీదుగా వచ్చిన గాజు తీగ (ఫైబర్), ఆపరేటర్ దగ్గరి యంత్రాలు, చివరికి పరీక్షకు బదులిచ్చే సర్వర్. వీటిలో ఏది అన్నింటికన్నా ఇరుకో దాని కొలతే మనకు కనిపిస్తుంది. ఇరుకు ఎక్కడుందో మాత్రం కనిపించదు.

అది కనిపించాలంటే అంకెను కాసేపు పక్కన పెట్టి, అది దేన్ని బట్టి మారుతోందో గమనించాలి. తెల్లవారుజామున బాగుండి రాత్రి తొమ్మిదికి కుంగిపోతుంటే అనుమానం లైను మీదికీ ఆపరేటర్ మీదికీ వెళ్లాలి. హాల్లో బాగుండి పడకగదిలో పడిపోతుంటే అది ఇంటి వైఫై సంగతి. వేళ మారినా గది మారినా కదలకుండా ఒకే అంకె దగ్గర కూర్చుంటే అది పరికరం హద్దో, కట్టిన ప్లాను హద్దో అయి ఉంటుంది. జ్వరం ఎంత అని ఒక్కసారి చూసి వైద్యుడు మందు రాయడు, పొద్దున ఎంత ఉంది, సాయంత్రానికి ఎంతయింది అని అడుగుతాడు. లైను పరీక్షకూ అదే పద్ధతి.

అసలు మారింది ఏది?

‘రౌటర్ మార్చాం’ అనే మాటకు ఇళ్లలో రెండు అర్థాలున్నాయి. ఆపరేటర్ మనిషి వచ్చి ఫైబర్ తీగ నేరుగా దిగే పెట్టెనే మార్చి వెళ్లడం ఒకటి. ఆ పెట్టెను అలాగే ఉంచి, దుకాణంలో కొన్న రౌటర్‌ను దాని వెనక ఒక కేబుల్‌తో తగిలించడం రెండోది. ఫైబర్ పెట్టెను సాంకేతికంగా ఓఎన్‌టీ అంటారు, కొందరు ఓఎన్‌యూ అంటారు, ఇళ్లలో మాత్రం దాన్నీ మోడెమ్ అనే పిలుస్తారు. మొదటి సందర్భంలో లైను నిజంగా కదిలింది. తీగ కొనను ఊడదీశారు, మళ్లీ గుచ్చారు, ఆపరేటర్ యంత్రంలో కొత్త పెట్టె సీరియల్ నంబరు ఎక్కించారు, ప్లాను వేగాన్ని ఆ నంబరుకు మళ్లీ తగిలించారు. ఈ పనుల్లో ఏ ఒక్కటి తేడా వచ్చినా ఫలితం తేడా వస్తుంది. రెండో సందర్భంలో గాజు తీగను ఎవరూ తాకలేదు. అప్పుడు నెట్ మందగిస్తే ఫైబర్‌ను అనుమానించడం, కొత్త కుళాయి బిగించాక నీళ్లు సన్నగా వస్తున్నాయని మేడ మీది ట్యాంకును తిట్టడం లాంటిది.

ఈ తేడా పాతకాలంలో ఉండేది కాదు. బీఎస్ఎన్ఎల్ 2005 జనవరిలో డేటావన్ పేరుతో బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టినప్పుడు ఇంటికి వచ్చేది టెలిఫోన్ రాగి తీగ. మోడెమ్ ఎక్స్ఛేంజీలోని యంత్రంతో నేరుగా మాట్లాడుకుని, ఈ తీగ మీద ఎంత వేగం నిలబడుతుందో బేరం కుదుర్చుకునేది. ఒకే తీగ మీద ఒక మోడెమ్ కుదుర్చుకున్న వేగాన్ని మరో మోడెమ్ అందుకోలేకపోయేది. తీగలో సంకేతానికీ రొదకూ మధ్య మిగులు 6 డెసిబెల్స్ (బలాల తేడాను కొలిచే ప్రమాణం) కన్నా పడిపోతే లైను తెగుతూ అతుకుతూ సతాయించేది. ఆ రోజుల్లో మోడెమ్ మార్చడమంటే లైనునే మార్చినట్టు. రాగి తీగ మీది ఈ పద్ధతి పేరు ఏడీఎస్ఎల్. దాని రెండో తరంలో మెరుగైన రకానికి కూడా గరిష్ఠ వేగం 24 ఎంబీపీఎస్, అదీ ఎక్స్ఛేంజీకి దగ్గరి ఇళ్లకే. దూరం పెరిగేకొద్దీ బేరం తగ్గేది.

ఫైబర్‌లో ఆ బేరం లేదు. ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో కిందికి దిగే వేగం సెకనుకు 2.488 గిగాబిట్లు, పైకి వెళ్లేది 1.244 గిగాబిట్లు. ఇవి ఒక్క ఇంటివి కావు, ఆ తీగను పంచుకునే ఇళ్లన్నింటివీ. మన ఇంటి వాటా ఎంత అన్నది ఆపరేటర్ తన యంత్రంలో రాసుకుంటాడు. రౌటర్ ఎంత ఖరీదైనదైనా ఆ రాతను మార్చలేదు. ఎనిమిది యాంటెన్నాల రౌటర్ కొంటే 50 ఎంబీపీఎస్ ప్లాను 100 అవుతుందని దుకాణంలో ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోవచ్చు.

వెలుతురు లెక్క

ఫైబర్ పెట్టెనే మార్చి ఉంటే మొదటి పరీక్ష వేగం కాదు, వెలుతురు. పాన్ అని రాసిన లైటు మినుకుమనకుండా ఆకుపచ్చగా నిలవాలి. ఎల్ఓఎస్ అన్న చోట ఎరుపు కనిపిస్తే తీగలో వెలుతురు అందడం లేదని అర్థం, దానికి ఇంట్లో చేయగలిగిన వైద్యం దాదాపు ఏమీ లేదు. ఈ రెంటికీ మధ్య ఉన్న బూడిదరంగు స్థితి లైట్లలో తెలియదు. పెట్టె లోపలి పేజీ తెరవాలి. బ్రౌజర్‌లో 192.168.1.1 లాంటి చిరునామా కొడితే వచ్చే ఆ పేజీలో ఆప్టికల్ సమాచారం అన్నచోట అందుతున్న వెలుతురు బలం డీబీఎం అనే కొలమానంలో ఉంటుంది, మైనస్ పెరిగేకొద్దీ వెలుతురు తగ్గినట్టు. లైను చూడటానికి వచ్చినవాళ్లు మీటర్ పెట్టి ‘మైనస్ ఇరవై రెండు వస్తోంది’ అనేది దీన్నే.

ఆ మైనస్ అంకె ఎక్కడిదో తెలుసుకుంటే సగం భయం పోతుంది. ఆపరేటర్ యంత్రం నుంచి సుమారు +3 డీబీఎం వెలుతురు బయలుదేరిందనుకుందాం. దాన్ని వీధుల్లో 64 ఇళ్లకు పంచే స్ప్లిటర్ల దగ్గరే 20 డెసిబెల్స్ చుట్టుపక్కల పోతుంది. నాలుగు కిలోమీటర్ల తీగలో మరొకటి, అతుకుల దగ్గర, కనెక్టర్ల దగ్గర ఇంకో రెండు. ఇంటికి చేరేసరికి −20. అంటే −20 అన్నది జబ్బు కాదు, పంపకం ఖర్చు. సాధారణంగా వాడే బీ ప్లస్ తరగతి పెట్టెలు −8 నుంచి −27 వరకు పని చేసేలా తయారవుతాయి. ప్రతి మూడు డెసిబెల్స్‌కూ వెలుతురు సగమవుతుంది కాబట్టి, పాత పెట్టెలో −20 ఉండి కొత్తదానిలో −26 కనిపిస్తే అందే వెలుతురు నాలుగో వంతుకు పడిపోయినట్టు. పెట్టెలో కొలిచే భాగాలు ఒకదానికొకటి ఒకటి రెండు డెసిబెల్స్ తేడా చూపవచ్చు, దానికి కంగారు అనవసరం. ఆరు తేడా వస్తే మాత్రం బిగించేటప్పుడు ఏదో జరిగింది.

ఆ ‘ఏదో’ చాలాసార్లు కంటికి కనిపించేదే. టీవీ స్టాండు వెనక తీగను మడిచి కుక్కి ఉంటారు. గాజు తీగను చిటికెనవేలికి చుట్టినంత బిగువుగా వంచితే వెలుతురు మలుపు తిరగలేక పక్కకు జారిపోతుంది. కనెక్టర్ తల మీద వేలి జిడ్డు, దుమ్ము మరో కారణం. మూడోది రంగులు. ఆకుపచ్చ తల కొన ఏటవాలుగా చెక్కి ఉంటుంది, నీలం తల అలా ఉండదు. ఒకదాన్ని మరొకదాని గూటిలో గుచ్చితే పట్టినట్టే ఉంటుంది, కొనల మధ్య సందు మిగిలి వెలుతురు పోతుంది. వచ్చిన మనిషి వెళ్లిపోకముందే ఈ మూడూ చూడమని అడగడం మర్యాద తప్పినట్టేమీ కాదు. తీగ కొనలోకి కన్ను పెట్టి చూడటం మాత్రం వద్దు. ఆ కాంతి కంటికి కనబడదు, లేజర్‌దే అయినా.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. −19 వచ్చినా −24 వచ్చినా వేగం ఒకటే. రాగి తీగలో డెసిబెల్ తగ్గితే వేగం తగ్గేది. ఫైబర్‌లో హద్దు దాకా ఏమీ కాదు, హద్దు దాటాక పొరపాట్లు పేరుకుని ఉన్నట్టుండి కుప్పకూలుతుంది. కాబట్టి ‘వెలుతురు తక్కువగా ఉంది, అందుకే 100 రావాల్సింది 70 వస్తోంది’ అనే వివరణను అంత తేలిగ్గా నమ్మక్కర్లేదు. −26 దగ్గర ఉన్న లైను ఈ రోజు పూర్తి వేగం ఇస్తుంది. చిక్కల్లా తర్వాతే. చిత్తూరు, తిరుపతి జిల్లాలకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి. స్తంభాల మీది అతుకుల పెట్టెల్లోకి నీరు చేరితే, గాలికి తీగ లాగుకుపోతే మరో రెండు మూడు డెసిబెల్స్ పోతాయి. మిగులు లేని లైను ఆ వారం మొత్తం పడుతూ లేస్తూ ఉంటుంది. రాష్ట్ర ప్రభుత్వ ఏపీ ఫైబర్‌నెట్ మొదలుకొని వీధి కేబుల్ ఆపరేటర్ల దాకా ఇక్కడి తీగల్లో పెద్ద భాగం భూమిలో లేదు, స్తంభాల మీదే ఉంది. కొండ పాదాన అలిపిరి, జీవకోన వైపు వానకు తోడు కోతుల ఉయ్యాలలు అదనం. అందుకే రౌటర్ మార్చిన రోజు వెలుతురు అంకె ఒక కాగితం మీద రాసి పెట్టుకోవడం, నవంబరులో ఓ ముసురు రోజున మళ్లీ చూడటం, వేగం కొలిచే యాప్‌ను వందసార్లు నొక్కడం కన్నా ఉపయోగం.

తీగతో కొలిస్తే తప్ప

వెలుతురు సరిగా ఉందంటే ఇక వేగం. దాన్ని ఫోనుతో కాకుండా ల్యాప్‌టాప్‌తో, వైఫై ఆపేసి, రౌటర్‌కు నేరుగా కేబుల్ తగిలించి కొలవాలి. ఆ సమయంలో టీవీ, మిగతా ఫోన్లు, గేటు దగ్గరి కెమెరా నెట్ వాడకూడదు. మూడుసార్లు కొలిచి నడిమి అంకె తీసుకుంటే చాలు. సగటు తీస్తే ఒక చెడ్డ కొలత మొత్తాన్ని చెడగొడుతుంది.

ఇక్కడే కొత్త రౌటర్ల గుట్టు బయటపడుతుంది. 200 ఎంబీపీఎస్ ప్లాను కట్టిన ఇంట్లో కొలత 94 దగ్గర మేకు కొట్టినట్టు ఆగిపోతే అది లైను లోపం కాదు. రౌటర్ వెనక పోర్టులు 100 ఎంబీపీఎస్‌వి. డేటాను ముక్కలు చేసి పంపే ప్రతి పొట్లం మీది చిరునామాలు, మధ్య ఖాళీలు పోగా 100లో అసలు సరుకు 94 దాకానే మిగులుతుంది. పెట్టె మీద ఏసీ 1200 అని పెద్ద అక్షరాలతో రాసి, వెనక మాత్రం పాతకాలపు పోర్టులు పెట్టిన రౌటర్లు మార్కెట్‌లో చాలా ఉన్నాయి. ఆ 1200 అన్నది రెండు వైఫై పట్టీల (రేడియో బ్యాండ్ల) కాగితపు వేగాల కూడిక. ఇంటికి రాని నీళ్లకు లోపల పెద్ద గొట్టాలు వేసినట్టు. అట్ట మీద గిగాబిట్ అన్న మాట ఉందో లేదో కొనేముందు చూడాలి, 100 లోపు ప్లానుకైతే ఆ చింత అక్కర్లేదు.

పోర్టు గిగాబిట్టే అయినా 94 దగ్గరే ఆగుతోందంటే కేబుల్ చూడాలి. గిగాబిట్‌కు లోపలి ఎనిమిది పోగులూ కావాలి. నాలుగు పోగులతో చేసిన చౌక కేబుల్, లేదా ఎనిమిదిలో ఒకటి తెగిన కేబుల్, ఫిర్యాదు చేయకుండా 100కు దిగిపోయి పని చేస్తూనే ఉంటుంది. పాత రౌటర్‌తో పాటు వచ్చి ఏళ్ల తరబడి గోడ వెనక నలిగిన ముక్కను కొత్తదానికి తగిలించడం మన ఇళ్లలో మామూలు. అడాప్టర్ విషయమూ అంతే. పిన్ను పట్టిందని 9 వోల్టులదాన్ని 12 వోల్టుల రౌటర్‌కు పెడితే లైట్లు వెలగవచ్చు. అందరూ ఒకేసారి వాడినప్పుడు రౌటర్ తనంతట తాను ఆగి మళ్లీ మొదలవుతుంటే ఆ అపరాధం లైనుది కాదు.

సెట్టింగుల్లో చూడాల్సినవి కొన్నే. ఆపరేటర్ యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చాడంటే కనెక్షన్ పీపీపీఓఈ పద్ధతిలో ఉంది. అందులో ఒక్కో పొట్లం గరిష్ఠ పరిమాణం 1500 బైట్లకు బదులు 1492. ఎక్కువ రౌటర్లు దీన్ని తామే సర్దుకుంటాయి, సర్దుకోనప్పుడు వేగం పరీక్ష బాగానే వచ్చి కొన్ని సైట్లు మాత్రం తెరుచుకోకుండా వేలాడతాయి. కొందరు ఆపరేటర్లు పాత రౌటర్ మ్యాక్ చిరునామానే (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు సంఖ్య) గుర్తు పెట్టుకుంటారు, కొత్తది ఎంత సరిగా బిగించినా నెట్ రాదు. ఒక ఫోన్ కాల్‌తో తీరే ఈ చిక్కుకు రౌటర్ చెడ్డదని దుకాణానికి తిరిగిచ్చినవాళ్లున్నారు. కొత్త రౌటర్‌లో బయటి చిరునామా 192.168తో మొదలైతే రెండు పెట్టెలూ రౌటర్ పని చేస్తున్నాయన్నమాట. వేగానికి పెద్ద నష్టం లేదు గానీ ఆన్‌లైన్ ఆటలు, బయటి నుంచి చూసుకునే కెమెరాలు మొరాయిస్తాయి. ఫైబర్ పెట్టెను రౌటర్ పని మానేసి నెట్‌ను దాటించడానికే పరిమితమయ్యే బ్రిడ్జ్ పద్ధతిలోకి మార్చమని ఆపరేటర్‌ను అడగాలి.

మరో లెక్క చెప్పుకుంటే సగం గొడవలు పుట్టవు. ప్లాను లెక్క బిట్లలో, డౌన్‌లోడ్ చూపించేది బైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు. 100 ఎంబీపీఎస్ లైను మీద సినిమా ఫైలు సెకనుకు 12 మెగాబైట్ల చొప్పున దిగుతోందంటే లైను నిక్షేపంగా ఉన్నట్టే.

రాత్రి తొమ్మిది గంటల నిజం

తీగతో కొలిచిన అంకెను మూడు వేళల్లో రాసుకోవాలి. సుప్రభాత వేళ ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి తొమ్మిదికి ఒకటి, మూడు రోజులు. తెల్లవారుజాము అంకె లైను సత్తా ఎంతో చెబుతుంది. రాత్రి తొమ్మిది అంకె ఆపరేటర్ ఎంత మందికి ఎంత అమ్ముకున్నాడో చెబుతుంది.

జీపాన్ తీగ ఒకటి 64 ఇళ్లకు పంచితే, అందరూ ఒకే క్షణంలో నిండుగా వాడితే తలకు వచ్చేది 39 ఎంబీపీఎస్ లోపే. అలా ఎప్పుడూ జరగదు కాబట్టే అందరికీ వందలూ రెండువందలూ అమ్మగలుగుతున్నారు, అందులో మోసమేమీ లేదు. ఫుల్ హెచ్‌డీ సినిమాకు 5 ఎంబీపీఎస్, 4కే చిత్రానికి 15 చాలని నెట్‌ఫ్లిక్స్ లెక్క. ఐపీఎల్ రోజుల్లో ఏడున్నరకు మ్యాచ్ మొదలై వీధి వీధంతా టీవీల ముందు కూర్చున్నా ఫైబర్ తీగ తట్టుకుంటుంది. అంతకన్నా ముందు ఊపిరాడనిది ఆపరేటర్ పైనుంచి కొనుక్కున్న బ్యాండ్‌విడ్త్. చిన్న ఆపరేటర్లు ఆదా చేసేది అక్కడే. రాత్రిళ్లు 100 కాస్తా 30 అయి, అర్ధరాత్రి దాటాక మళ్లీ 100కు వస్తోందంటే ఏ రౌటర్ కొన్నా దానికి మందు లేదు. రౌటర్ దుకాణదారు ఈ మాట చెప్పడు.

నెలాఖరులో మాత్రమే వేగం పడిపోతుంటే డేటా కోటా చూడాలి. అపరిమితం అని రాసిన ప్లాన్లకూ ఒక గీత ఉంటుంది, అది దాటాక వేగం తగ్గించేస్తారు. ప్రకటనల్లో ‘వరకు’ అనే మాటకు ఉన్న బరువు మరే మాటకూ లేదు. చట్టం కూడా వినియోగదారుకు పెద్ద అండ కాదు. కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనాన్ని సవరించి కనీస వేగాన్ని 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కు పెంచింది. 100 ఎంబీపీఎస్ ప్లాను కట్టినవారికి ఆ అంకె ఏ మాత్రం ఊరట?

యాప్ ఎంచుకునే సర్వర్ మీదా కన్నుంచాలి. అది దగ్గరిదాన్నే వెతుకుతుంది, ఆ దగ్గరిది కొన్నిసార్లు ఆపరేటర్ సొంత నెట్‌వర్క్‌లోనే ఉంటుంది. అప్పుడు కొలిచింది ఇంటి నుంచి ఆపరేటర్ గుమ్మం దాకానే. బయటి దారి ఎంత ఇరుకో తెలియాలంటే చెన్నైలో ఒకటి, హైదరాబాద్‌లోనో ముంబైలోనో ఒకటి, సింగపూర్‌లో ఒకటి చేత్తో ఎంచుకుని కొలవాలి. దూరాన్ని బట్టి ఆలస్యం ఎంత ఉండాలో కూడా అంచనా కట్టవచ్చు. గాజులో వెలుతురు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. తిరుపతి నుంచి చెన్నైకి సుమారు 140 కిలోమీటర్లు, పోయి రావడానికి వెలుతురుకు పట్టేది ఒకటిన్నర మిల్లీసెకను. యంత్రాల దగ్గర ఆగే సమయం కలిపినా చెన్నై సర్వర్‌కు పింగ్ (పొట్లం పోయి రావడానికి పట్టే సమయం) పది మిల్లీసెకన్ల చుట్టుపక్కల ఉండాలి. 35, 40 వస్తోందంటే చెన్నైకి వెళ్లాల్సిన డేటా ముంబై చుట్టి వస్తోందేమో చూడాలి. చెన్నై నుంచి సింగపూర్‌కు 2002లో వేసిన ఐటూఐ సముద్ర తీగ పొడవే సుమారు 3,200 కిలోమీటర్లు, అంటే రానూపోనూ 32 మిల్లీసెకన్లు. సింగపూర్ సర్వర్ల మీద ఆడుతూ పింగ్ 10 రావాలని కోరుకునే కుర్రవాడికి ఏ ఆపరేటరూ, ఏ రౌటరూ సాయం చేయలేవు.

కంపార్ట్‌మెంట్లు నిండినప్పుడు

వేగం బాగానే ఉన్నా వీడియో కాల్ మాట మింగేస్తోందన్న ఫిర్యాదుకు కారణం తరచూ వేరే చోట ఉంటుంది. తిరుపతి వాసులకు దీన్ని వివరించడానికి దూరం పోనక్కర్లేదు. కొండ మీద వైకుంఠం క్యూ కాంప్లెక్స్ చాలు. గంటకు ఎంతమందికి దర్శనం అవుతుందన్నది దాదాపు స్థిరం. భక్తులు ఎక్కువ వస్తే ఆ సంఖ్య పెరగదు, కంపార్ట్‌మెంట్లు నిండుతాయి, వేచి ఉండే గంటలు పెరుగుతాయి. రౌటర్‌లోనూ అంతే. ఎవరో ఫోనులోని పెళ్లి ఫొటోలన్నీ క్లౌడ్‌లోకి ఎక్కిస్తుంటే ఆ పొట్లాలు రౌటర్ జ్ఞాపకంలో (మెమరీలో) బారులు తీరతాయి. వీడియో కాల్‌కు చెందిన చిన్న పొట్లం వాటి వెనక నిలబడాల్సి వస్తుంది. పోగొట్టుకోకూడదని తయారీదారులు జ్ఞాపకాన్ని పెంచుతూ పోయేకొద్దీ కంపార్ట్‌మెంట్లు పెరిగాయి, దర్శనం వేగం కాదు. జిమ్ గెటిస్ అనే అమెరికన్ ఇంజనీరు ఈ జబ్బును బాగా వెలుగులోకి తెచ్చాడు, దాని పేరు బఫర్‌బ్లోట్.

దీన్ని పట్టుకోవడానికి పింగ్‌ను మించిన సాధనం లేదు. 1983 డిసెంబరులో మైక్ మ్యూస్ రాసిన ఈ చిన్న ప్రోగ్రామ్ ఇప్పటికీ ప్రతి కంప్యూటర్‌లో ఉంది. రెండు కమాండ్ కిటికీలు తెరిచి, ఒకదానిలో రౌటర్ చిరునామాకు, రెండోదానిలో 8.8.8.8 లాంటి బయటి చిరునామాకు ఆగకుండా పింగ్ పెట్టాలి. ఐదు నిమిషాలు ఊరికే చూడాలి, తర్వాత వేరే ఫోను నుంచి పెద్ద ఫైలు పైకి పంపుతూ ఐదు నిమిషాలు చూడాలి. రౌటర్ దాకా వెళ్లే పింగే గెంతులు వేస్తుంటే తప్పు ఇంట్లో ఉంది, లైను దాకా పోనక్కర్లేదు. రౌటర్ ఒకటి రెండు మిల్లీసెకన్లలో బుద్ధిగా బదులిస్తూ, బయటిది మాత్రం అప్పుడప్పుడూ సమాధానమే ఇవ్వకపోతే లైనునో ఆపరేటర్‌నో పట్టుకోవాలి. ఊరికే ఉన్నప్పుడు 10, ఫైలు పంపుతుంటే 300 అయితే అది క్యూ జబ్బు. ఖర్చు లేని ఈ పది నిమిషాల పరీక్ష మిగతా పరీక్షలన్నింటికన్నా ఎక్కువ చెబుతుంది. విచిత్రంగా దీన్ని చేసేవారే తక్కువ.

కొత్త రౌటర్ నిజంగా మేలు చేయగలిగిన చోటు ఇదే. కొన్ని రౌటర్లలో క్యూను తెలివిగా నడిపే సదుపాయం ఉంటుంది. లైను వేగంలో తొంభై శాతం దగ్గర హద్దు పెట్టి, లోపలికి ఎంత రానివ్వాలో రౌటరే నిర్ణయిస్తుంది. కొండ కింద శ్రీనివాసం, విష్ణు నివాసం దగ్గర టైమ్ స్లాట్ టోకెన్లు ఇచ్చి కంపార్ట్‌మెంట్ల రద్దీని తగ్గించినట్టే. కాల్ పొట్లాలకు 300 రూపాయల ప్రత్యేక ప్రవేశం కల్పించే ఏర్పాటూ కొన్నింటిలో ఉంది. దీనివల్ల వేగం పరీక్షలో అంకె కాస్త తగ్గుతుంది, ఇంట్లో గొడవ చాలా తగ్గుతుంది. అంకెనే నమ్ముకున్నవారు ఈ సదుపాయాన్ని ఆపేస్తారు.

ఇక గదుల సంగతి

వైఫై గురించి రాసినవాళ్లు చాలామంది కాబట్టి రౌటర్ మార్చాక పుట్టే పొరపాట్ల వరకే ఇక్కడ. ఫైబర్ పెట్టెలోని పాత వైఫై ఆపకుండా కొత్త రౌటర్‌కూ అదే పేరు పెడితే ఫోను పాతదానికే అతుక్కుని ఉండవచ్చు. అప్పుడు కొత్త రౌటర్ పరీక్ష పేరుతో పాత పెట్టెనే కొలుస్తున్నట్టు. 2.4, 5 గిగాహెర్ట్జ్ పట్టీలను రౌటర్ ఒకే పేరు కింద కలిపేసినప్పుడూ ఇలాంటిదే జరుగుతుంది, ఫోను తక్కువ పట్టీలో నిలిచిపోతుంది. పరీక్ష వరకైనా రెంటికీ వేర్వేరు పేర్లు పెట్టడం మంచిది. రైల్వే స్టేషన్, బస్టాండు చుట్టూ లాడ్జీల వీధుల్లో 2.4 పట్టీ సంతలా ఉంటుంది. అందులో ఒకదానికొకటి అడ్డురాని ఛానళ్లు 1, 6, 11 మూడే, పోటీకి వచ్చేవి ముప్పై. అలాంటి చోట ఆ పట్టీ మీద 30 వచ్చినా లైనును తప్పు పట్టలేం. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ, గోడలు దాటే బలం తక్కువ. పాత ఇళ్ల రాతి గోడ, కొత్త ఇళ్ల కాంక్రీటు, మధ్యలో ఓ ఇనుప బీరువా ఉంటే చివరి గదికి ఏమీ చేరదు. తీగతో 95, హాల్లో 90, చివరి గదిలో 12 అని కాగితం మీద కనబడ్డాక ఆపరేటర్‌కు ఫోను చేయాలన్న కోపం దానంతట అదే చల్లారుతుంది.

ఇన్ని కొలతలూ పాత రౌటర్ ఉన్నప్పుడే ఒకసారి తీసి ఉంటే పోలిక తేలికయ్యేది. ఎవరూ తీయరు, పాతది విసిగించాకే కొత్తది కొంటారు కాబట్టి. అయినా దారి మూసుకుపోలేదు. రెండు వారాల పాటు పాత రౌటర్‌నూ దాని అడాప్టర్‌నూ అటక మీద పడేయకుండా చేతికి అందే చోట ఉంచాలి. ఫైబర్ పెట్టెనే మార్చి ఉంటే మాత్రం పాతది ఆపరేటర్ సొత్తు, తీసుకెళ్లిపోతాడు. వెళ్లేముందు దాని పేజీలోని వెలుతురు అంకెను ఫొటో తీసుకోవడం ఒక్కటే దారి. కొత్త రౌటర్‌తో అనుమానం వచ్చిన రాత్రి పాతదాన్ని మళ్లీ తగిలించి, అదే కేబుల్‌తో, అదే ల్యాప్‌టాప్‌తో, పదిహేను నిమిషాల తేడాలో కొలవాలి. తర్వాత కొత్తదాన్ని తిరిగి పెట్టి మూడోసారి కొలవాలి. కొత్తదానితో 30, పాతదానితో 90, మళ్లీ కొత్తదానితో 30 వస్తే రౌటర్ వారంటీ కార్డు వెతకాలి. మూడుసార్లూ 30 అయితే మూడు రోజుల తీగ కొలతలు, వేళలు, వెలుతురు అంకె ఉన్న కాగితాన్ని ఫొటో తీసి ఆపరేటర్‌కు పంపి, ఫిర్యాదు నంబరు అడిగి తీసుకోవాలి. ‘నెట్ స్లోగా ఉంది’ అన్న ఫోనుకు ‘రౌటర్ ఒకసారి ఆపి వేయండి’ అన్న జవాబు వస్తుంది. ‘తీగతో తెల్లవారుజామున 96, రాత్రి తొమ్మిదికి 31, వెలుతురు −21, పాత రౌటర్‌తోనూ అంతే’ అన్న సందేశానికి ఆ జవాబు చెల్లదు.